షాపు అద్దెకు తీసుకుంటున్నారా? సంతకానికి ముందే జీఎస్టీ, టీడీఎస్, రిజిస్ట్రేషన్ లెక్క తేల్చుకోండి

షట్టర్ బాగుంది, మెయిన్ రోడ్డు మీదే ఉంది, అద్దె నెలకు 60 వేలు, అడ్వాన్సు ఆరు నెలలు, ఓనరు మంచాయన. చాలామంది ఇంతవరకు చూసుకుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టేస్తారు. కానీ 2024 అక్టోబరు నుంచి ఈ అద్దె చుట్టూ రూల్స్ వరసగా మారుతూ వచ్చాయి, వాటి భారం ఎక్కువగా పడింది ఓనరు మీద కాదు, అద్దెకు దిగేవాళ్ల మీద. పన్ను కట్టాల్సింది మనమే, ఓనరుకిచ్చే అద్దెలోంచి ఆయన ఆదాయపు పన్ను కింద టీడీఎస్ పట్టుకోవాల్సింది మనమే, మర్చిపోతే వడ్డీ కూడా మనకే. ఓనరు ఎవరు, మన వ్యాపారం జీఎస్టీలో ఏ రకం అన్న రెండు సంగతులు తెలిస్తే మిగతా లెక్కంతా తేలిపోతుంది. ఈ రెండూ అద్దె బేరం ఆడేటప్పుడే తేల్చుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ తగ్గరు.

ముందు ఓనరు సంగతి. అద్దె వసూలు చేసుకునే మనిషే ఓనరు అనుకోవద్దు. కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో షాపు తాళం తీసి చూపించేది నాన్నగారు, అద్దె పడేది ఆయన ఖాతాలో, దస్తావేజులో పేరు మాత్రం డాలస్‌లో ఉన్న అబ్బాయిది. మన దగ్గర ఇది రోజూ చూసేదే. చట్టం లెక్కలో మీ ఓనరు ఆ అబ్బాయే. అందుకని సేల్ డీడ్ కాపీ అడగండి, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు) తీసి చూడండి, ఆస్తి పన్ను రశీదు ఎవరి పేరున ఉందో చూడండి. ఓనరు తరఫున ఎవరైనా జీపీఏ (అధికార పత్రం) మీద సంతకం పెడుతున్నారంటే ఆ జీపీఏలో లీజుకు ఇచ్చే అధికారం రాసి ఉందో లేదో చదవండి. ఓనరు పాన్, జీఎస్టీ నంబరు ఉంటే అది, ఆయన ఇండియాలో ఉంటున్నారా లేదా, ఈ మూడూ రాతలో తీసుకోండి. జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు, ఓనరు చెప్పిందే నమ్మక్కర్లేదు.

ఇక జీఎస్టీ. కమర్షియల్ అద్దె మీద పన్ను 18 శాతం. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆయనే బిల్లు ఇచ్చి 18 శాతం కలిపి తీసుకుంటారు, అక్కడ గొడవ లేదు. ఓనరుకు రిజిస్ట్రేషన్ లేకపోయినా మీకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ 18 శాతం మీరే ప్రభుత్వానికి కట్టాలి. దీన్నే రివర్స్ ఛార్జ్ అంటారు, ఆడిటర్ల భాషలో ఆర్‌సీఎం. 60 వేల అద్దెకు నెలకు 10,800. చిన్న ఓనర్లలో చాలామందికి రిజిస్ట్రేషన్ ఉండదు, ఎందుకంటే సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే అది తప్పనిసరి. (సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు, తెలంగాణలో మాత్రం 20 లక్షలే. రెండు వైపులా బ్రాంచీలు పెట్టేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.) రిజిస్ట్రేషన్ లేని ఓనరు 'జీఎస్టీ కింద 18 శాతం ఎక్స్‌ట్రా ఇవ్వండి' అంటే పైసా ఇవ్వకండి. అలా వసూలు చేసే హక్కు ఆయనకు లేదు, మీరు ఇచ్చినా ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత మీ మీద అలాగే ఉంటుంది.

'కడితే ఏముంది, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందిగా' అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం. బట్టల షాపు, హార్డ్‌వేర్ షాపు, సాఫ్ట్‌వేర్ ఆఫీసు లాంటి వాళ్లకు అది నిజమే, కట్టిన నెలలోనే క్రెడిట్ తీసుకోవచ్చు, డబ్బు కాస్త అటూ ఇటూ తిరుగుతుంది అంతే. కానీ 5 శాతం జీఎస్టీతో నడిచే హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. వాళ్లకు ఆ 10,800 అచ్చంగా ఖర్చే. సెలూన్లు, బ్యూటీ పార్లర్లు, జిమ్‌లు కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి అదే వరసలోకి వచ్చాయి. పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గిందని కస్టమర్లు సంతోషించారు గానీ, దాంతో పాటే క్రెడిట్ కూడా పోయింది. కాబట్టి మీరు టిఫిన్ సెంటరో పార్లరో పెడుతూ జీఎస్టీలో ఉంటే, రిజిస్ట్రేషన్ లేని ఓనరు దగ్గర 60 వేల అద్దె అంటే 70,800 అనే లెక్క వేసుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న ఓనరు దగ్గరైనా అంతే పడుతుంది, కాకపోతే అక్కడ అది బిల్లులో కళ్లకు కనిపిస్తుంది, ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు గానీ తెలియదు. బేరం ఆడాల్సింది ఈ మొత్తం మీద.

కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు మొదట్లో ఇది గట్టి దెబ్బే అయ్యేది. గోల గట్టిగా చేయడంతో 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ వాళ్లను మినహాయించమంది, 2025 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది, మధ్యలో ఉన్న మూడు నెలలకు కూడా ఎవరు ఎలా చేస్తే అలాగే వదిలేశారు. మీకు అసలు జీఎస్టీ రిజిస్ట్రేషనే లేకపోతే ఈ రివర్స్ ఛార్జ్ మీకు వర్తించదు.

కట్టే పద్ధతిలో ఒక మెలిక ఉంది. రివర్స్ ఛార్జ్ పన్నును మీ దగ్గరున్న క్రెడిట్‌తో సర్దడం కుదరదు, క్యాష్ లెడ్జరు (జీఎస్టీ పోర్టల్‌లో మీరు డబ్బు జమచేసే ఖాతా) నుంచే పోవాలి. ఓనరు మీకు బిల్లు ఇవ్వరు కాబట్టి ఆయన పేరున మీకు మీరే సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసుకోవాలి, 2024 నవంబరు 1 నుంచి దానికి 30 రోజుల గడువు పెట్టారు. అద్దె చెల్లించినప్పుడు పేమెంట్ వోచరు కూడా తయారుచేయాలి. జీఎస్టీఆర్-3బి రిటర్నులో పన్ను 3.1(డి)లో చూపించి, క్రెడిట్ అర్హత ఉంటే 4(ఎ)(3)లో తీసుకోండి. ఇన్నాళ్లూ ఇదంతా చేయలేదంటే కంగారు పడి ఊరుకోవద్దు. 18 శాతం వడ్డీతో పన్ను కట్టేసి సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాయండి, రిజిస్ట్రేషన్ లేని ఓనరు విషయంలో క్రెడిట్ గడువు ఆ ఇన్‌వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరం నుంచే లెక్క అని 2024 జూన్‌లో సర్క్యులర్ ఉంది. ఆలస్యానికి పెనాల్టీ అడిగే అవకాశం ఉంటుంది, అయినా నోటీసు వచ్చాక కట్టడం కంటే ఇది నయం.

స్టాఫ్ కోసమో గెస్ట్‌హౌస్ కోసమో కంపెనీ పేరు మీద ఇల్లు తీసుకుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, ఓనరుకు ఉన్నా లేకపోయినా పన్ను కట్టాల్సింది మీరే, ఈ రూలు 2022 జూలై నుంచే ఉంది.

టీడీఎస్‌కు వద్దాం. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితి ఏడాదికి 2.4 లక్షలు అనేది పోయి నెలకు 50 వేలు అయింది. కంపెనీ, పార్ట్‌నర్‌షిప్ సంస్థ, లేదా అంతకు ముందు ఏడాది వ్యాపారం కోటి రూపాయలు దాటిన సొంత వ్యాపారి (వృత్తిలో ఉంటే 50 లక్షలు) అయితే 10 శాతం పట్టుకోవాలి. అంటే 60 వేల అద్దెలో 6 వేలు పట్టి 54 వేలు ఓనరుకు ఇచ్చి, పట్టింది తర్వాతి నెల 7లోగా కట్టాలి. అంతకంటే చిన్న వ్యాపారి అయితే, అద్దె 50 వేలు దాటినప్పుడు 2 శాతమే, అదీ ఏడాదికి ఒకసారి, మార్చిలోనో ఖాళీ చేసే నెలలోనో, టాన్ (టీడీఎస్ కట్టేవాళ్లు తీసుకునే నంబరు) అక్కర్లేదు. పాత చట్టంలో 194-ఐ, 194-ఐబి అని పిలిచేవి ఇవే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో ఇవన్నీ 393వ సెక్షన్‌లోకి చేరిపోయాయి, కాబట్టి పాత అగ్రిమెంటు కాపీ కొట్టేటప్పుడు ఆ సెక్షన్ నంబర్లు మార్చండి. ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి షాపై, వాటాలు దస్తావేజులో స్పష్టంగా ఉంటే పరిమితి ఎవరి వాటాకు వాళ్లదే. 90 వేల అద్దెను చెరి 45 వేలుగా విడివిడి ఖాతాలకు వేస్తే టీడీఎస్ పడదు.

ఇప్పుడు ఆ డాలస్ అబ్బాయి. ఓనరు ఎన్నారై అయితే 50 వేల పరిమితి లేదు, 10 శాతమూ లేదు. అద్దె పది వేలైనా సరే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం పట్టుకోవాలి, మీరు ఎంత చిన్న వ్యాపారైనా టాన్ తీసుకోవాలి. 60 వేలలో 18,720 పోయి ఆయన చేతికి వచ్చేది 41,280. ఈ అంకె ముందే చెప్పకపోతే మొదటి నెలలోనే గొడవ మొదలవుతుంది, 'మా నాన్న ఖాతాలోనే వేస్తున్నారుగా, ఎవరికి తెలుస్తుంది' అన్న మాట కూడా వస్తుంది. ఆ మాటకు ఒప్పుకోవద్దు, రేపు డిపార్ట్‌మెంటు వచ్చి అడిగేది ఆయన్ని కాదు, మిమ్మల్ని. పట్టుకోనందుకు నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది, పైగా ఆ అద్దెను ఖర్చుగా ఒప్పుకోరు. (ఇండియాలో ఉండే ఓనరు విషయంలో అయితే ఖర్చుగా ఒప్పుకోనిది అద్దెలో 30 శాతం మేరకే.) దీనికి సరైన దారి ఒకటుంది: తక్కువ రేటుకు పట్టేలా సర్టిఫికెట్ ఇమ్మని ఓనరు ఆదాయపు పన్ను శాఖకు అప్లై చేసుకోవచ్చు, అది మీ చేతికి వస్తే అందులో రాసిన రేటుకే పట్టండి. సర్టిఫికెట్ తెచ్చే పని ఓనరుదే అని అగ్రిమెంటులో రాయించండి.

రిజిస్ట్రేషన్ దగ్గర మన రెండు రాష్ట్రాల్లో ఒక పెద్ద అపోహ తిరుగుతోంది, 11 నెలల అగ్రిమెంటు అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని. మిగతా చాలా చోట్ల ఏడాది లోపు లీజుకు అది నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999లోనే రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించి, ఎంత కాలానికైనా సరే లీజు పత్రం రాస్తే రిజిస్టర్ చేయాల్సిందే అన్నారు. వీధిలో డాక్యుమెంట్ రైటరు ఏం చెప్పినా సరే. రిజిస్టర్ చేయని కాగితం కోర్టులో మీరు ఆ షాపులో ఉంటున్నారని చూపడానికి మహా అయితే పనికొస్తుంది, మూడేళ్ల గడువు ఉందనో, అద్దె ఏటా 5 శాతమే పెరగాలనో నిరూపించడానికి పనికిరాదు. స్టాంపు డ్యూటీ కూడా తక్కువ కట్టి ఉంటే ఆ మాత్రానికీ పనికిరాదు, లోటుతో పాటు దానికి పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాలి. అప్పుడు మీది నెలసరి అద్దె లెక్క అవుతుంది, ఓనరు 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. ఇంటీరియర్‌కు పది లక్షలు పోసిన షాపును 15 రోజుల నోటీసు మీద ఉంచుకోవడం నాకైతే పిచ్చి ధైర్యంలా అనిపిస్తుంది. డ్యూటీ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోని కాలిక్యులేటర్‌లో చూసుకుని, ఎవరు భరించాలో బేరంలోనే తేల్చండి. ఓనరుకు రిజిస్ట్రేషన్ ఇష్టం ఉండదు, అద్దె ఆదాయం బయటపడుతుందని. మీరు టీడీఎస్ పట్టుకున్నా, ఖర్చు కింద చూపించినా అది ఎలాగూ బయటపడుతుందని నెమ్మదిగా చెప్పండి.

అగ్రిమెంటులో మామూలుగా కనిపించని కొన్ని లైన్లు రాయించండి. ఓనరుకు మధ్యలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ వస్తే ఆ తేదీ రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నుంచి రివర్స్ ఛార్జ్ ఆగిపోయి ఆయన బిల్లు మీదకు మారుతుంది. ఓనరు విదేశాలకు వెళ్లి స్థిరపడినా, షాపు అమ్మినా అంతే, వెంటనే చెప్పాలి. అడ్వాన్సు తిరిగిచ్చే డిపాజిట్టే అని స్పష్టంగా ఉండాలి. అలా ఉన్నంతవరకు దాని మీద జీఎస్టీ లేదు, టీడీఎస్ లేదు, చివరి నెలల అద్దె కింద సర్దుకున్న రోజున రెండూ వచ్చి పడతాయి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు, ట్రేడ్ లైసెన్సుకు కావాల్సిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కరెంటు బిల్లు కాపీ ఓనరు ఇవ్వాలని కూడా రాయండి. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే వ్యాపారం మొదలు పెట్టకముందే మార్పించండి, కరెంటు వాళ్లు దాడులకు వచ్చినప్పుడు పాత తేడా మొత్తం మీ నెత్తిన పడుతుంది.

ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన డిపాజిట్టు ఎంత అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. చివరి నెల టీడీఎస్ కట్టేసి సర్టిఫికెట్ ఓనరుకు ఇవ్వండి, జీఎస్టీ పోర్టల్‌లో పాత అడ్రసు మార్పును 15 రోజుల్లో పెట్టండి.