అమ్మానాయనల ఆస్పత్రి ఖర్చు ట్యాక్స్‌లో చూపించుకోవాలంటే

మా నాయనకి 67, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, చిత్తూరు నుంచి మూణ్ణెల్లకోసారి రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి తీసుకుపోతా ఉంటాం. ఒక ఏడాది లెక్కేస్తే ఖర్చు 60 వేలు దాటింది, ట్యాక్స్‌లో చూపించుకోడానికి పనికొచ్చింది మాత్రం 14 వేలే, ఎందుకంటే కౌంటర్ దగ్గర నాయనే జేబులోంచి నోట్లు తీసి కట్టేసేవాడు, నేను ఇంటికొచ్చాక ఆయన చేతిలో పెట్టేవాణ్ణి.

ఆదాయపు పన్నులో 80డి సెక్షన్ మినహాయింపు అంటే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియంకే అనుకుంటారు చాలామంది. (నేను చెప్పే సెక్షన్ నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టంవి.) అమ్మకో నాయనకో ఆ ఏడాదిలో ఎప్పుడైనా 60 నిండి, వాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే, వాళ్ల వైద్యానికి మీరు కట్టింది 50 వేల దాకా పన్ను పడే ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఇద్దరికీ కలిపే 50, తలా 50 కాదు. అమ్మకి పాలసీ ఉండి నాయనకి లేదంటే ఆమె ప్రీమియం, ఆయన మందులు రెండూ ఆ 50లోనే. నాయనకి పెన్షన్ వస్తా ఉన్నా పర్లేదు. అత్తామామలది మాత్రం కుదరదు, అది మీ ఆవిడ తన అకౌంట్ నుంచి కట్టి తన రిటర్న్‌లో చూపించుకోవాల్సిందే.

ఇదంతా పాత రెజీమ్‌లోనే, అంటే ఇలాంటి మినహాయింపులుండే పాత పన్ను పద్ధతిలోనే. 2023-24 నుంచి మనం ఏం చెప్పకపోతే కొత్తదే పడతాది, అందులో ఇది లేదు. 20 శాతం స్లాబులో 50 వేలకి సెస్‌తో కలిపి మిగిలేది 10,400, దీనొక్కదానికోసం పాతదానికి పోవద్దు, పీఎఫ్, ఇంటి లోను కూడా ఉంటే రెండు రకాలుగా లెక్కేసి చూడండి, పాతది కావాలంటే గడువులోపే రిటర్న్ వేయాల.

అసలు కిటుకు డబ్బు కట్టే దగ్గరే ఉంది. క్యాష్ చెల్లదు. ముందుజాగ్రత్త హెల్త్ చెకప్‌కి 5 వేల దాకా మాత్రం ఒప్పుకుంటారు, అదీ 50లో భాగమే. మిగతాదంతా మీ అకౌంట్ నుంచి పోవాల, మీరు ఊళ్లో లేకపోతే షాపాయన్ని క్యూఆర్ ఫొటో వాట్సాప్‌లో పంపమంటే సరి.

ఇంకోటి బిల్లు. మా వీధి మెడికల్ షాపన్న "నెలనెలా తీసుకునే మాత్రలకి బిల్లెందుకు సార్" అని చీటీ మీద టోటల్ రాసిచ్చేవాడు. ఇప్పుడు నాయన పేరుతో ప్రింట్ బిల్లు ఇస్తేనే క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు కడతా. ఆ ప్రింటు కూడా ఏప్రిల్లోది దీపావళికల్లా తెల్లకాయితం అయిపోతాది, అందుకే అక్కడే ఫొటో తీసి, యూపీఐ స్క్రీన్‌షాట్‌తో కలిపి ఫోన్లో నెలవారీగా పెట్టుకుంటా. రిటర్న్‌తో ఇవేవీ పంపక్కర్లేదు, నోటీసొస్తే చూపించాల. ఆఫీసులో ఒప్పుకోక, వాళ్లిచ్చే జీతం-పన్ను సర్టిఫికెట్ ఫారం 16లో రాకపోయినా రిటర్న్‌లో మనమే వేసుకోవచ్చు.

క్యాన్సరు, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి పెద్ద జబ్బులకి 80డిడిబి అనే సెక్షన్ వేరే ఉంది, 60 దాటినోళ్లకి లక్ష దాకా. దానికి మాత్రం అమ్మానాయనలు మీ మీదే ఆధారపడి ఉండాల, స్పెషలిస్టు డాక్టరు రాసిన చీటీ ఉండాల, ఇన్సూరెన్స్ నుంచి వచ్చింది అందులో తీసేయాల. డయాలసిస్ బిల్లు అక్కడ పెడితే మళ్లీ 80డిలో పెట్టద్దు.