అలారం మోగలేదంటే షుగర్ బాగున్నట్టు కాదు: వాచీలో, ఫోన్లో షుగర్ చూసుకునేవాళ్లకి జాగ్రత్తలు

2025 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. షుగర్ సెన్సర్లు (ఒంటికి అంటించుకుంటే షుగర్ అంకెని ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపే పరికరాలు), ఇన్సులిన్ పంపులు వాడేవాళ్లకి ఫోన్లో మోగాల్సిన అలారాలు మోగలేదని, మోగినా వినపడలేదని ఫిర్యాదులు వచ్చాయట. కొన్ని సందర్భాల్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడానికి, విపరీతంగా పెరగడానికి, కీటోఅసిడోసిస్‌కి (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితికి), చివరికి చావుకి కూడా అది కారణమై ఉండొచ్చని అందులో ఉంది. చాలామంది ఇది చూసి ఏదో కంపెనీ సెన్సర్లో లోపం కాబోలు అనుకుని వదిలేశారు. ఆ హెచ్చరిక సెన్సర్ గురించి కాదు, మీ ఫోన్ సెట్టింగుల గురించి.

అందుకే ఫోన్‌కి పెద్ద అప్‌డేట్ వేసే ముందు, కొత్త ఫోన్‌కో కొత్త వాచీకో మారే ముందు, కొత్త ఇయర్‌బడ్స్ కలిపే ముందు ఒకసారి ఇది చదవండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్‌ని కిందికి లాగే మాత్రలు వాడేవాళ్లు తప్పకుండా చదవాలి. సెన్సర్ ఎలా అంటించాలి, ఎన్నాళ్లకి మార్చాలి అనేవి పెట్టెలోని కాగితంలోనే ఉంటాయి, వాటి జోలికి పోను.

ఒక్క విషయం మాత్రం ముందే తేల్చేద్దాం. చర్మం కిందికి వెళ్లే సన్నటి తీగ ఉన్న సెన్సర్ ఏదీ లేకుండా, మణికట్టు మీద లైటు వేసి షుగర్ చెప్తాననే వాచీ గానీ ఉంగరం గానీ నమ్మకండి. అలా కొలిచే పరికరం దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఇదే ఎఫ్‌డీఏ స్పష్టంగా చెప్పింది. వాచీ అడుగున మెరిసే ఆకుపచ్చ లైటు గుండె వేగం పట్టుకోవడానికి ఉంది. 2001లో గ్లూకోవాచ్ అనే పరికరం ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుంది నిజమే. అది చర్మం గుండా చిన్న కరెంటు పంపి లోపలి ద్రవాన్ని పైకి లాగి కొలిచేది. చర్మం ఎర్రబడి మండేది, మార్కెట్లో నిలవలేకపోయింది. ఇప్పుడు అమ్ముడవుతున్న ఈ మాయ వాచీలు ఆ పాటి పని కూడా చేయవు, అంకె మాత్రం ధైర్యంగా చూపిస్తాయి. పారేయండి.

మీ వాచీలో కనిపించే అంకె చేతికో పొట్టకో అంటించిన సెన్సర్ నుంచి వస్తుంటే, ఇక అసలు సంగతికి వద్దాం.

మనుషుల్ని ముంచుతున్న తప్పు ఒక్కటే: "అలారం మోగలేదు కదా, షుగర్ బాగానే ఉండి ఉంటుంది" అనుకోవడం. సెన్సర్ కొత్తలో గంటకి పదిసార్లు చూసుకుంటారు. నెల తిరిగేసరికి చూడటం మానేస్తారు, ఏదైనా అయితే అదే మోగుతుందిలే అని. కాపలావాడు కేక వేయలేదంటే దొంగ రాలేదని కాదు, కాపలావాడే నిద్రపోయి ఉండొచ్చు.

అది మోగే దారి ఎంత పొడుగో చూడండి. సెన్సర్ నుంచి బ్లూటూత్ ద్వారా అంకె ఫోన్‌కి రావాలి. అబాట్ కంపెనీ లిబ్రే 3 సెన్సర్ అయితే నిమిషానికోసారి, డెక్స్‌కామ్ కంపెనీవి అయితే 5 నిమిషాలకోసారి పంపుతాయి. దాన్ని అందుకోవడానికి యాప్ వెనకాల బతికి ఉండాలి. హద్దు దాటిందని యాప్ గుర్తించాక నోటిఫికేషన్ ఇవ్వడానికి ఫోన్ ఒప్పుకోవాలి. ఆ నోటిఫికేషన్ శబ్దంగా మారాలి. ఆ శబ్దం మీ చెవికి చేరాలి. ఇందులో ఎక్కడ తెగినా మీకు కనిపించేది ఒకటే, నిశ్శబ్దం. షుగర్ బాగున్నప్పుడు ఉండేది కూడా అదే నిశ్శబ్దం. సిగ్నల్ పోతే అలారం వస్తుంది కదా అంటారు. వస్తుంది, సాధారణంగా 20 నిమిషాల తర్వాత. కానీ దాన్ని మోగించాల్సింది కూడా ఆ ఫోనే. ఫోన్ చార్జింగ్ అయిపోయినా, యాప్ చచ్చిపోయినా ఆ మాట చెప్పడానికి ఎవరూ లేరు. డెక్స్‌కామ్ జీ7 లాంటిది యాపిల్ వాచీతో నేరుగా మాట్లాడగలదు. చాలా వాచీలు మాత్రం ఫోన్ చెప్పింది తిరిగి చూపించే అద్దాలే.

నాకు తెలిసిన ఒకింట్లో ఆయన పొద్దున లేపితే లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లారు, కోలుకున్నారు. తర్వాత ఫోన్ తీసి చూస్తే అర్ధరాత్రి దాటినప్పటి నుంచి గీత ఎర్రగా కిందనే ఉంది, ఒక్క చుక్క కూడా తప్పిపోలేదు. సెన్సర్ రాత్రంతా తన పని తాను చేసింది. యాప్ కూడా రాసి పెట్టుకుంది. ఆ మధ్యే ఫోన్ అప్‌డేట్ అయింది, రాత్రి స్లీప్ మోడ్ దానంతటదే పడుతోంది, ఆ యాప్‌కి ఉన్న మినహాయింపు ఎగిరిపోయింది. అంతే.

ఫోన్ నోరు ఎక్కడెక్కడ మూతపడుతుందో ఇప్పుడు చూద్దాం. మొదటిది డు నాట్ డిస్టర్బ్, స్లీప్, ఫోకస్ మోడ్‌లు. ఐఫోన్‌లో అయితే క్రిటికల్ అలర్ట్స్ అనే అనుమతి ఇస్తేనే యాప్ సైలెంట్‌ని దాటి మోగుతుంది. యాప్ మొదటిసారి పెట్టినప్పుడు అది అడుగుతుంది, తొందరలో వద్దు అని నొక్కేసినవాళ్లు ఎందరో. ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్‌ని దాటే అనుమతి విడిగా ఇవ్వాలి. కొన్ని యాప్‌లలో లో (షుగర్ తగ్గిన) అలారానికి ఒకటి, హై (షుగర్ పెరిగిన) అలారానికి ఒకటి, సిగ్నల్ పోయినప్పటికి ఒకటి, మూడింటికీ మూడు మీటలు ఉంటాయి. ఒకటి ఆన్ చేసి మూడూ అయిపోయాయనుకోవద్దు.

రెండోది బ్యాటరీ ఆదా. ఆండ్రాయిడ్ ఫోన్లు, ముఖ్యంగా కొన్ని కంపెనీలవి, మీరు తెరవని యాప్‌లని వాటంతటవే నిద్రపుచ్చుతాయి. సెన్సర్ యాప్‌ని బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి తప్పించండి. దీనికి అన్నదమ్ముడు లాంటి అలవాటు ఇంకొకటి ఉంది: తెరిచి ఉన్న యాప్‌లన్నీ వేలితో పైకి తోసేసి ఫోన్ శుభ్రం చేశామనుకోవడం. సెన్సర్ యాప్‌ని అలా తోసేస్తే అలారాలు ఆగిపోవచ్చు. ఇంట్లో పిల్లలు మీ ఫోన్ తీసుకుని అన్నీ మూసేసి ఇస్తారు, వాళ్లకి చెప్పండి.

మూడోది ఫోన్ అప్‌డేట్. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి, ఇది ఎఫ్‌డీఏ సలహా కూడా. కొత్త వెర్షన్‌కి మీ సెన్సర్ యాప్ సరిపోతుందని దాని కంపెనీ చెప్పాకే వేయండి. వేశాక సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి చూడండి. రాత్రి పడుకోబోయే ముందు అప్‌డేట్ వేయడం అన్నిటికన్నా చెడ్డ పని. పొద్దున వేయండి.

ఇక ఇయర్‌బడ్స్, కారు స్పీకర్లు, వాచీలు. కొత్తగా ఏది కలిపినా అలారం ఎటు వెళ్తుందో మారిపోవచ్చు. చెవిలోంచి తీసి బల్ల మీద పెట్టిన ఇయర్‌బడ్స్‌లో అలారం మోగితే ఎవరికి వినపడుతుంది? వాచీ సంగతి ఇంకా చిత్రం. ఐఫోన్‌కి తాళం పడి ఉండి, యాపిల్ వాచీ చేతికి ఉంటే మామూలు నోటిఫికేషన్లు వాచీకే వెళ్తాయి, ఫోన్ ఊరుకుంటుంది. వాచీ సైలెంట్‌లో ఉంటే మిగిలేది మణికట్టు మీద చిన్న వణుకు. గాఢ నిద్రలో, పైగా షుగర్ పడిపోయి మెదడు మసకబారినప్పుడు ఆ వణుక్కి లేస్తానని పందెం కాయకండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా నమ్మొద్దు, మోగించి చూడండి. ఇది చాలామంది చేయరు, చేయడం చాలా తేలిక. ఇప్పుడు మీ అంకె 140 ఉందనుకోండి. హై అలారం హద్దుని 120కి దించండి. అంకె 90ల్లో ఉన్నప్పుడు లో హద్దుని 100కి పెంచండి. ఫోన్‌కి తాళం వేసి, రాత్రి పెట్టే మోడ్‌లోనే పెట్టి, రాత్రి ఉంచే చోటే ఉంచి, వాచీ పెట్టుకుని పడుకునేవాళ్లయితే పెట్టుకునే, కాసేపు ఆగండి. కొత్త అంకె వచ్చాక మోగాలి. మీకు వినపడిందా, పక్క గదిలో ఉన్నవాళ్లకి వినపడిందా? మోగకపోతే సెట్టింగుల్లోకి వెళ్లండి. పని అయ్యాక హద్దులు మళ్లీ మీ డాక్టర్ చెప్పిన చోటికి తెచ్చుకోండి, మర్చిపోతే రాత్రంతా అనవసరపు టెన్షన్. నెలకోసారి, అప్‌డేట్ అయిన ప్రతిసారి, కొత్త వస్తువు కలిపిన ప్రతిసారి ఇలా మోగించి చూడండి.

దూరం నుంచి చూసే అమ్మానాన్నలకి, కొడుకులకి, కూతుళ్లకి: మీ ఫోన్‌కి అంకె రావాలంటే పై గొలుసంతా పనిచేశాక అవతలి ఫోన్‌కి ఇంటర్నెట్ ఉండాలి, కంపెనీ సర్వర్ బతికి ఉండాలి. 2019 నవంబర్ చివర్లో ఇలా దూరం నుంచి ఇంట్లోవాళ్ల అంకె చూపించే డెక్స్‌కామ్ ఫాలో సేవ సర్వర్ సమస్యతో పడిపోయింది. రాత్రి నిద్రపోయిన తల్లిదండ్రులు పిల్లల అంకెలు రావట్లేదన్న సంగతే తెలియక పొద్దున దాకా ఉండిపోయారు. డేటా రావట్లేదు అని చెప్పే అలర్ట్ మీ ఫాలో యాప్‌లో ఆన్ అయి ఉందో లేదో ఇప్పుడే చూడండి. మీ వైపూ అదే నియమం: మోగలేదంటే బాగున్నట్టు కాదు. ఎంతసేపటి క్రితం అంకె అది అని చూడండి.

అంకె గురించి కూడా కొంత చెప్పాలి. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందుకే షుగర్ వేగంగా మారుతున్నప్పుడు సెన్సర్ కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. తగ్గుతున్నప్పుడు 85 అని చూపిస్తుంటే రక్తంలో ఈపాటికి 70 అయి ఉండొచ్చు. అంకె కన్నా, షుగర్ ఎటు పోతోందో చూపించే పక్కనున్న బాణం ముఖ్యం. 2025 నవంబర్‌లో అబాట్ కంపెనీ లిబ్రే 3, లిబ్రే 3 ప్లస్ సెన్సర్లలో కొన్ని షుగర్ తగ్గకపోయినా తగ్గినట్టు చూపిస్తున్నాయని ప్రకటించింది, ఆ లోపంతో సంబంధం ఉండొచ్చని చెప్పిన మరణాలు 7. తప్పుడు లో చూసి మనిషి తీపి తింటాడు, ఇన్సులిన్ మానేస్తాడు, అసలు షుగర్ పైకి పోతుంది. మీ సెన్సర్ సీరియల్ నంబర్‌ని కంపెనీ పేజీలో సరిచూసుకోండి.

మిగతావి వరస ప్రకారం కాదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

ఒంటికి తెలుస్తున్నదానికీ అంకెకీ పొత్తు కుదరకపోతే వేలు గుచ్చి గ్లూకోమీటర్లో చూడండి. ఒంట్లో తేడా అనిపిస్తే ఒంటి మాటే ముందు.

గ్లూకోమీటర్ని అటక మీద పడేయొద్దు. స్ట్రిప్పుల గడువు చూడండి.

సెన్సర్ పెట్టిన మొదటి రోజు అంకె చూసి పెద్ద డోస్ వేసుకోవద్దు.

సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ఒత్తిడికి షుగర్ తగ్గకపోయినా లో అని చూపిస్తుంది. అలాంటివి రెండు మూడు వచ్చాయని విసుగొచ్చి అలారం ఆపేసినవాళ్లే తర్వాత నిజంగా షుగర్ పడిపోయినప్పుడు దొరికిపోయారు. సెన్సర్ చోటు మార్చండి, అలారం ఆపొద్దు.

విటమిన్ సి పెద్ద డోసులు, పారాసెటమాల్ ఎక్కువ మోతాదు, హైడ్రాక్సీయూరియా అనే మందు: సెన్సర్‌ని బట్టి వీటిలో ఏదో ఒకటి అంకెని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపిస్తే ఎక్కువ ఇన్సులిన్ వేసుకుంటారు. మీ సెన్సర్ కాగితంలో ఏముందో చదవండి.

వాచీ ముఖం మీది అంకె పాతది కావచ్చు. పక్కన సమయం చూడండి. డోస్ వేసుకునే ముందు ఫోన్లో యాప్ తెరిచే చూడండి.

కొత్త యాప్‌లో అంకె 5, 6 అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది మిల్లీమోల్స్ అనే వేరే కొలత. మీకు అలవాటైన అంకె రావాలంటే 18తో గుణించండి. వెంటనే సెట్టింగ్ మార్చుకోండి.

ఫోన్ మార్చాలంటే సెన్సర్ గడువు అయిపోయే రోజు మార్చండి.

రాత్రి ఫోన్ చార్జర్‌కి పెట్టే ఉండాలి, అదీ మంచం పక్కనే. బ్లూటూత్‌కి గోడలంటే పడదు.

విడిగా రిసీవర్ (ఫోన్ బదులు అంకె చూపించి అలారం మోగించే చిన్న పరికరం) ఉంటే, మీ మోడల్ ఒప్పుకుంటే, రాత్రి దాన్ని కూడా పెట్టుకోండి.

మద్యం తాగిన రాత్రి, బాగా వ్యాయామం చేసిన రాత్రి షుగర్ గంటల తర్వాత పడిపోతుంది. ఆ రాత్రి మామూలు గడియారం అలారం ఒకటి పెట్టుకుని మధ్యలో లేచి చూడండి. మోగకపోవడాన్ని నమ్ముకోవద్దని ఇంకోసారి చెప్తున్నాను.

చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకి వణుకు, గుండెదడ లాంటి లక్షణాలు తెలియకుండా పోతాయి. బీటా బ్లాకర్లు (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందులు) వాడితే ఇంకా తెలియవు. మీకు అలారం ఒక్కటే దిక్కైతే, పక్కన ఒక మనిషి కూడా ఉండాలి.

70 కిందికి వస్తే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి వేలు గుచ్చి మళ్లీ చూడటం. సెన్సర్ ఇంకా పెరగలేదంటోందని కంగారుగా మళ్లీ మళ్లీ తినొద్దు, అది వెనకబడి ఉంటుంది. 54 కిందికి వస్తే ఒంటరిగా ఉండొద్దు, ఎవరినైనా పిలవండి.

షుగర్ తక్కువగా ఉన్నప్పుడు బండి తీయొద్దు.

స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు, చక్కెర నీళ్లు కూడా. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, గ్లూకగాన్ (షుగర్‌ని వెంటనే పెంచే అత్యవసర మందు) ఉంటే ఇవ్వండి, అంబులెన్స్‌ని పిలవండి. ఆ గ్లూకగాన్ ఎక్కడుందో, ఎలా ఇవ్వాలో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. ఈ రాత్రే చూపించండి.