ఇంటి గుట్టు దాచమన్నప్పుడు: కొట్టే భాగస్వామి నుంచి బయటపడే దారి

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న మాటను దెబ్బలు తింటూ పెరిగిన పిల్లలు అందరికన్నా ముందు నేర్చుకుంటారు. వాతలు కనబడకుండా చొక్కా చేతులు దించుకుని బడికి వెళ్లిన బిడ్డ, పెద్దయి స్వలింగ భాగస్వామితో ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు, ఆ మనిషి చెయ్యి చేసుకున్నా అలాగే దాచుకుంటుంది. ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇల్లు అద్దెకిచ్చినవారికి ఆ ఇద్దరూ వట్టి స్నేహితులు గనుక, "మీ వాళ్లకు చెప్పేస్తాను" అన్న ఒక్క బెదిరింపుతో నోరు మూయించడం తేలిక.

కాబట్టి మొదట ఆ బెదిరింపు బలాన్ని తగ్గించండి. రహస్యం దాచగలరని ఇదివరకే రుజువైన ఒక్కరికి, అక్కకో స్నేహితునికో, సంబంధం సంగతీ దెబ్బల సంగతీ రెండూ చెప్పండి. గాయాల ఫొటోలు, బెదిరింపు సందేశాల నకళ్లు, ఆధార్ ప్రతి, కొంత డబ్బు వారి దగ్గర ఉంచండి. వెళ్లిపోతున్నానని భాగస్వామికి ముందుగా చెప్పవద్దు; విడిపోయే సమయంలోనే హింస ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

"మా నాన్న నన్నూ ఇలాగే కొట్టేవాడు" అని భాగస్వామి ఏడవవచ్చు, అది నిజమే కావచ్చు. చిన్ననాటి హింస వల్ల పెద్దయ్యాక కొట్టే అవకాశమూ, దెబ్బలు భరించే అవకాశమూ పెరుగుతాయి. అయినా అలా పెరిగినవారిలో చాలామంది ఎవరినీ కొట్టరు. ఆ గాయానికి చికిత్స వెతుక్కోవలసింది మీ భాగస్వామే; దానికి మీ ఒళ్లు మందు కాదు. హింస సాగుతున్నంతకాలం ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అక్కడ చెప్పిన నిజానికి ఇంట్లో దెబ్బ పడుతుంది. మీరు ఒంటరిగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. లైంగికతను బట్టి మానసిక చికిత్సలో వివక్ష చూపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఫిర్యాదు చేస్తే మీ మీదే కేసు పడుతుందన్న భయం అక్కరలేదు. పెద్దల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. భారతీయ న్యాయ సంహితలో గాయపరచడానికి 115వ సెక్షన్, పరువు తీస్తానని బెదిరించడానికి 351వ సెక్షన్ ఉన్నాయి, అవి ఆడా మగా అని చూడవు. ఊళ్లో ఠాణాకు వెళ్లలేకపోతే, కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల తీవ్రమైన నేరమైతే, పర్లాకిమిడిలో జరిగినదానికి సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఒడిశా ఠాణాలో ఒడియాలో రాసినది చదవలేకపోతే చదివి వినిపించమనండి, కేసు నమోదైతే నకలు ఉచితంగా ఇస్తారు.

ప్రాణభయం ఉంటే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. మాట్లాడే వీలు లేని రోజుకు మీరు సంగతి చెప్పుకున్న ఆ నమ్మకస్తునితో ఒక గుర్తు ముందే అనుకోండి: "ఇచ్ఛాపురం బస్సు ఎన్నింటికి?" అని మీ నుంచి సందేశం వస్తే, ఏమీ అడగకుండా వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లాలి.