పాత కారులో సబ్‌వూఫర్: వైరింగు, ఎర్తింగు సరిగ్గా చేసుకునే పద్ధతి

సబ్‌వూఫర్ (లోతైన బేస్ శబ్దం ఇచ్చే పెద్ద స్పీకరు) కొనడానికి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లేవారు స్పీకరు ఎన్ని అంగుళాలు, యాంప్లిఫయర్ ఎన్ని వాట్లు అని అడుగుతారు, మహా అయితే ఎర్ర వైరు మందం చూస్తారు. నల్ల వైరును ఎక్కడ బిగిస్తున్నారని అడిగేవారు తక్కువ. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన కారులో పని చెడిపోయేది ఎక్కువగా అక్కడే. బ్యాటరీ నుంచి యాంప్‌కు ఎర్ర వైరులో ఎంత కరెంటు వెళుతుందో అంతా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారి ప్రత్యేకమైన వైరు కాదు, కారు బాడీ రేకే. యాంప్ నల్ల వైరును ఆ రేకుకు కలపడమే ఎర్తింగు. ఆ బాడీ ఒకే ముక్క కాదు. అది అనేక రేకులను స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన కూర్పు కాబట్టి, అతుకుల్లో తుప్పు చేరినా, టింకరింగ్ చేసి పుట్టీ పెట్టినా, కొత్తగా రంగు వేసినా ఆ దారి ఇరుకవుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో మునిగిన కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సీట్లు, మ్యాట్లు మార్చిన తరువాత పైకి అంతా బాగానే కనిపించినా, డిక్కీ అడుగు రేకు మడతల్లోనూ, ఎర్త్ బోల్టుల కిందా బురద నిలిచి తుప్పు పట్టి ఉండవచ్చు. అలాంటి కారులో పాత ఎర్త్ బోల్టులన్నీ ఒకసారి విప్పి చూసిన తరువాతే కొత్త వైరింగు మొదలుపెట్టడం మంచిది.

ముందుగా కరెంటు లెక్క వేసుకోవాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే గరిష్ఠ వాట్లను పక్కనబెట్టి, ఆర్‌ఎంఎస్ వాట్లను (యాంప్ ఆగకుండా ఇవ్వగలిగే శక్తిని) మాత్రమే తీసుకోండి. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డీ యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) సుమారు 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే, ఇంజను నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టుల వద్ద అది పూర్తి శబ్దంలో దాదాపు 27 ఆంపియర్లు లాగుతుంది. అదే శక్తిని ఇచ్చే పాత రకం క్లాస్ ఏబీ యాంప్‌కు సామర్థ్యం 50 శాతమే అనుకుంటే 43 ఆంపియర్లు కావాలి. మారుతి 800 వంటి పాత చిన్న కార్లలో, ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు సామర్థ్యం తక్కువ. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు కూడా దాని మీదే ఆధారపడతాయి, పైగా బెంజ్ సర్కిల్ వద్ద సిగ్నల్ కోసం ఆగినప్పుడు ఇంజను వేగం తగ్గి అది ఇంకా తక్కువ ఇస్తుంది. అందువల్ల ఆల్టర్నేటరు మీద రాసి ఉన్న ఆంపియర్లు చదివిన తరువాతే యాంప్ కొనాలి. పాత కారుకు క్లాస్ డీ యాంపే తగినదని, అదీ 300 వాట్లు దాటకపోవడం మేలని నా అభిప్రాయం.

వైరును గేజి పేరుతో కాకుండా చదరపు మిల్లీమీటర్లలో అడగండి. డిక్కీ వరకు 5 మీటర్ల వైరు పడుతుందనుకుంటే, 30 ఆంపియర్ల వద్ద 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో సుమారు 0.26 వోల్టు, 16 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.16 వోల్టు తగ్గుతుంది. పైన చెప్పిన క్లాస్ డీ యాంప్‌కు మొదటిది సరిపోతుంది, క్లాస్ ఏబీకి రెండోది కావాలి. తక్కువ ధరకు దొరికే కిట్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం వైరు. చివర కత్తిరించి ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల వెండిలా తెల్లగా కనిపిస్తుంది. కొన్ని రాగి వైర్లకు తగరం పూత ఉంటుంది కాబట్టి పైరంగు చూసి నిర్ణయించకూడదు, పోగు నడిమి భాగం చూడాలి. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో 60 శాతం మాత్రమే, పైగా లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) దగ్గర త్వరగా వదులవుతుంది.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి, చివరగా దానినే బిగించాలి. చాలా పాత కారైతే బాడీకి కలిపినది నెగటివ్ కొసేనా అని చూసుకోవాలి. పాజిటివ్‌ను బాడీకి కలిపిన పాతకాలపు కారులో నేటి యాంప్‌ను నేరుగా బిగించకూడదు.

ఎర్ర వైరుకు ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. యాంప్‌లో ఎలాగూ ఫ్యూజు ఉంది కదా అని ఇక్కడ వదిలేయడం ప్రమాదకరం. యాంప్‌లోని ఫ్యూజు యాంప్‌ను కాపాడుతుంది, బ్యాటరీ దగ్గరి ఫ్యూజు దారి పొడవునా ఉన్న వైరును కాపాడుతుంది. మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే కారు తగలబడకుండా ఆపేది అదొక్కటే. 10 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 40 ఆంపియర్లు, 16కు 60 ఆంపియర్లు సరిపోతాయి. ఇంజను గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు బుష్ లేకుండా వైరు లాగకూడదు. పాత కార్లలో ఆ బుష్‌లు ఎండి పగిలిపోయి ఉంటాయి కాబట్టి కొత్తది వేయండి. అక్కడి నుంచి డోరు గడప పక్కన, మ్యాటు కింద, సీటు పట్టాలకు తగలకుండా వైరును వెనక్కి తీసుకువెళ్లాలి. అతుకుల మీద మామూలు ఇన్సులేషన్ టేపును నమ్ముకోవద్దు. మన ఎండాకాలపు వేడికి దాని జిగురు కరిగి చుట్టు వీడిపోతుంది. వేడికి ముడుచుకునే స్లీవ్ వేయండి.

ఇక అసలైన పని ఎర్త్. నల్ల వైరు ఎర్ర వైరంత మందంగా, వీలైనంత పొట్టిగా, 45 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. చోటు ఎంచుకునేటప్పుడు డిక్కీలో వెనుక సస్పెన్షన్ పైభాగం దగ్గర, లేదా కింది ఛాసిస్ పట్టీకి కలిసే చోట ఉండే దళసరి రేకును చూడండి. సీటు బెల్టు బోల్టును, సీటు బోల్టును వాడకూడదు. వాటి మరలకు రంగు, లాకింగ్ జిగురు ఉండటం వల్ల కరెంటు దారి సరిగా ఉండదు, విప్పి బిగిస్తే ప్రయాణికుల రక్షణకూ ముప్పు. డిక్కీలో గ్యాస్ కిట్ ఉన్న కారైతే సిలిండరు పట్టీలకు గానీ, దాని బోల్టులకు గానీ ఎర్త్ కలపనే కూడదు, యాంప్‌ను కూడా దానికి దూరంగా పెట్టాలి. రంధ్రం వేయవలసి వస్తే ముందు కారు కిందికి వెళ్లి ఆ చోటికి అవతల పెట్రోలు ట్యాంకు, ఇంధనపు గొట్టం, బ్రేకు గొట్టం లేవని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

చోటు నిర్ణయించాక లగ్గు కంటే కొంచెం ఎక్కువ వెడల్పున రంగును, ప్రైమరును, తుప్పును ఎమరీ పేపరుతో తీసేసి, మెరిసే రేకు బయటపడేవరకు రుద్దాలి. పుట్టీ కనిపించినా, రుద్దుతుంటే రేకు పొడిపొడిగా రాలినా ఆ చోటు పనికిరాదు. రేకులోకి స్క్రూ దించి వదిలేయకుండా, 8 మిల్లీమీటర్ల బోల్టును ఇటు నుంచి అటు దూర్చి, పళ్ల వాషరు వేసి, వెనుక నట్టుతో బిగించాలి. లగ్గు నేరుగా రేకును తాకాలి, వాషరు లగ్గు పైన రావాలి. లగ్గును ప్లయరుతో నొక్కితే సరిపోదు, క్రింపింగ్ టూలుతోనే నొక్కించండి. బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ గానీ, రంగు గానీ పూస్తే కృష్ణా తీరపు తేమ లోపలికి చేరదు. ముందే పూసి బిగించకూడదు.

ఇంత చేసినా బ్యాటరీ వైపు పాత పట్టీలు అలాగే ఉంటే ప్రయోజనం సగమే. యాంప్ కరెంటంతా చివరికి బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఉన్న సన్నని ఫ్యాక్టరీ వైరు గుండానే వెళ్లాలి. దానిని 16 చదరపు మిల్లీమీటర్ల వైరుతో మార్చి, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న పట్టీని, ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ పాజిటివ్‌కు వచ్చే వైరును కూడా చూసి, పచ్చటి చిలుము పట్టి ఉంటే మార్చించండి. చాలా పాత కార్లలో ఈ పని తరువాత హెడ్‌లైట్ల వెలుగు కూడా మెరుగుపడుతుంది.

ఎర్త్ బాగుందో లేదో తెలుసుకోవడానికి మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి చూడటం మనవాళ్ల అలవాటు. దాని తీగలకే అర ఓమ్ వరకు నిరోధం ఉంటుంది కాబట్టి అసలు లోపం అందులో కనబడదు. ఎర్త్‌లో 0.05 ఓమ్ మాత్రమే ఉన్నా, 30 ఆంపియర్ల వద్ద 1.5 వోల్టులు అక్కడే పోతాయి, ఆ ఒక్క బోల్టు దగ్గర 45 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయే వేడి అది. అందుకే వోల్టులలో కొలవాలి. ఇంజను నడుపుతూ, బేస్ ఎక్కువగా ఉన్న శబ్దం పెట్టి, మీటరును డీసీ వోల్టులకు తిప్పి, ఒక తీగను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోదానిని యాంప్ నెగటివ్ టెర్మినల్‌కు తాకించండి. ఇందుకు పొడవైన వైరు ముక్క ఒకటి కావాలి. 0.2 వోల్టుకు లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టే. 0.5 దాటితే బోల్టు నుంచి బ్యాటరీ వరకు ఒక్కో చోట తాకించి చూస్తే, ఎక్కడ వోల్టు ఎక్కువగా పోతుందో తెలిసిపోతుంది. ఎంత వెతికినా బాడీ తుప్పు వల్ల తగ్గకపోతే, ఎర్ర వైరంత మందమైన నల్ల వైరును నేరుగా బ్యాటరీ నెగటివ్ వరకు వేయడమే దారి.

స్టీరియో నుంచి యాంప్‌కు పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లను ఎర్ర వైరుకు ఎదురు వైపు నుంచి తీసుకురండి. ఒకచోట దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన వేయకండి. పాత స్టీరియోకు ఆర్‌సీఏ లేకపోతే స్పీకరు వైర్ల నుంచి హై-లో కన్వర్టరు (స్పీకరు సిగ్నల్‌ను యాంప్‌కు తగినట్టు తగ్గించే పరికరం) ద్వారా సిగ్నల్ తీసుకోవచ్చు. అయితే స్పీకరు నెగటివ్ వైరును ఎప్పుడూ బాడీకి కలపకూడదు, చాలా స్టీరియోలలో దానివల్ల లోపలి ఐసీ (చిప్) కాలిపోతుంది. ఆన్ చేసే రిమోట్ వైరును స్టీరియో వెనుక ఉన్న నీలం-తెలుపు చారల వైరుకు కలపాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే యాంప్ రాత్రంతా వెలుగుతూ, ఉదయానికి చిన్న బ్యాటరీని ఖాళీ చేసేయవచ్చు.

యాక్సిలరేటరు నొక్కేకొద్దీ కీచుమనే శబ్దం పెరుగుతుంటే, యాంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు పీకి చూడండి. శబ్దం ఆగిపోతే లోపం యాంప్‌లో కాదు, స్టీరియో ఎర్త్‌కూ యాంప్ ఎర్త్‌కూ మధ్య ఉన్న వోల్టు తేడాలో ఉంది. ఫిల్టరు కొనేముందు స్టీరియో నల్ల వైరును కూడా రేకు రుద్ది గట్టిగా బిగించండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

మొదటిరోజు అరగంట వాయించిన తరువాత ఇంజను ఆపి, ఫ్యూజు హోల్డరును, ఎర్త్ బోల్టును, యాంప్ టెర్మినళ్లను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు ఆనలేనంత వేడి ఉంటే ఆ అతుకు వదులుగా ఉన్నట్టే, విప్పి మళ్లీ క్రింప్ చేయించాలి. కొత్త బోల్టు కొంత కుదురుకుంటుంది కాబట్టి నెల తరువాత మరోసారి స్పానరు వేయాలి. వానాకాలం అయ్యాక పైన చెప్పిన వోల్టు కొలత ఏటా ఒకసారి తీసి, ముందటి అంకె పక్కన రాసుకోండి.