పాత కాగితం మీద ఫసలీ తేదీ కనిపిస్తే

వరంగల్‌లోని మట్టెవాడ, గిర్మాజీపేట లాంటి పాత వాడల చరిత్ర కోసం మ్యూజియంలోనో ఆర్కైవ్స్‌లోనో నిజాం కాలపు ఫైళ్లు తిరగేసేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది తేదీ దగ్గరే. చాలా దఫ్తర్ కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు లెక్కల్లో వాడిన ఏడాది. అది అక్టోబరు మొదట్లో ఆజుర్ నెలతో మొదలవుతుంది. అందుకే ఇంగ్లీషు ఏడు కావాలంటే మొదటి మూడు నెలలు ఆజుర్, దై, బహ్మన్ అయితే 590 కలపండి (జనవరిలో పడే బహ్మన్ చివరి కొద్ది రోజులు తప్ప), నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి 591. ఫసలీ 1344 దై అంటే 1934 నవంబరు ప్రాంతం, అదే ఏడు తీర్ అంటే 1935 మే. నెల చెరిగిపోతే 1934-35 అని రాసుకోండి, ఊహించి ఒక ఏడు వేయకండి. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు 1934లో వచ్చింది మరి, మీరు వెతికే ఇల్లు మిల్లుకు ముందుదా తర్వాతదా అన్నది ఆ ఒక్క ఏడుతోనే తారుమారవుతుంది.

ఫర్మానాల్లో, అంటే నిజాం ఉత్తర్వుల్లో, హిజ్రీ తేదీలూ ఉంటాయి. హిజ్రీ 1353కు 590 కలిపితే 1943 వస్తుంది, అసలు ఏడు 1934-35. అంకె పక్కన ఏం రాసుందో ఉర్దూ వచ్చినవాళ్లతో చదివించుకోవడమే మేలు.

ఫొటోకు అనుమతిస్తే ఫ్లాష్ ఆపేసి, ముందు ఫైలు నంబరున్న అట్ట, తర్వాతే లోపలి పేజీ తీయండి. నంబరు లేని పేజీని మళ్లీ అడిగితే ఎవరూ వెతికివ్వలేరు.