సూపర్‌నోవా (పేలిపోయిన నక్షత్రం) స్పెక్ట్రమ్ (దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) రోజుల తరబడి ఫాలో అవ్వాలంటే ముందే చూసుకోవాల్సినవి

- మొట్టమొదట సూర్యుడి సంగతి చూడండి. టైప్ 2 (భారీ నక్షత్రం కోర్ కూలి పేలిన రకం) అయితే వెలుగు ఇంచుమించు 100 రోజులు పెద్దగా తగ్గకుండా నిలబడొచ్చు, ఈలోగా అది సూర్యుడి వెనక్కి వెళ్ళిపోయిందంటే మీరు వరసగా తీస్తున్న స్పెక్ట్రమ్‌ల సిరీస్ సగంలోనే ఆగిపోతుంది.

- వార్త తెలిసిన రాత్రే మొదలుపెట్టండి. 2023 మేలో ఎం101 గెలాక్సీలో పేలిన ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్‌లో సన్నటి ఎమిషన్ లైన్లు (స్పెక్ట్రమ్‌లో మెరిసే గీతలు) కొద్ది రోజుల్లోనే మాయమైపోయాయి, వీకెండ్‌లో చూద్దాంలే అంటే ఇలాంటివి దొరకవు.

- స్లిట్ (వెలుగు లోపలికొచ్చే సన్నటి చీలిక), గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే పలక) చివరిదాకా అవే ఉంచాలి, లేకపోతే మారింది సూపర్‌నోవానా మన సెటప్పా అన్నది తేలదు.

- కాలిబ్రేషన్ ల్యాంప్ (ముందే తెలిసిన తరంగదైర్ఘ్యాల దగ్గర గీతలిచ్చే దీపం) స్పెక్ట్రమ్‌ని సూపర్‌నోవా ఎక్స్‌పోజర్‌కి ముందూ తర్వాతా రెండుసార్లూ తీయండి, దీంట్లో బద్ధకం అస్సలు వద్దు. టెలిస్కోప్ తిరిగేకొద్దీ స్పెక్ట్రోగ్రాఫ్ (స్పెక్ట్రమ్ తీసే పరికరం) కాస్త వంగుతుంది, టైప్ 1ఏలో (వైట్ డ్వార్ఫ్ నక్షత్రం పేలిన రకం) 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర కనబడే సిలికాన్ గుంటేమో (సిలికాన్ వెలుగును మింగేసిన చోటు) రోజులు గడిచేకొద్దీ మెల్లగా ఎరుపు వైపు జరుగుతుంది, మనం కొలిచేదే ఆ జరగడాన్ని కాబట్టి తరంగదైర్ఘ్యాల స్కేల్ తప్పుగా ఉంటే ఇంకేం మిగలదు.

- 6870, 7600 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి గుంటలు చూసి సంబరపడొద్దు, అవి మన గాలిలోని ఆక్సిజన్‌వి.

- సూదిలాంటి హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర గీత) కనిపిస్తే అది సూపర్‌నోవా ఉన్న గెలాక్సీ గ్యాస్‌ది కూడా అయ్యుండొచ్చు, స్లిట్‌లో పక్కనున్న బ్యాక్‌గ్రౌండ్ సరిగ్గా తీసేశాకే మాట్లాడండి.

- స్టాండర్డ్ స్టార్ (ఏ రంగులో ఎంత వెలుగిస్తుందో ముందే తెలిసిన నక్షత్రం) ఆకాశంలో దాదాపు సూపర్‌నోవా ఎత్తులోనే ఉన్నది ఎంచుకోండి. కంప్యూటర్ గడియారం యూటీలో (యూనివర్సల్ టైమ్) సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి.