సెలవులకు తాతయ్య దగ్గరికి వెళ్తున్నారా? "వయసు కదా" అనే ముందు ఇది చదవండి

పోయిన సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. మా తాతయ్యకు 83 ఏళ్ళు. పిల్లలు, మనవలు అందరం చేరాం. మూడో రోజుకి ఆయన మాట తగ్గింది. పిలిస్తే పలికేవారు, అంతలోనే కునుకు పట్టేది. ఒకసారి నన్ను మా నాన్న పేరుతో పిలిచారు. "సందడికి అలసిపోయారు, వయసు కదా" అనుకున్నాం. ఆ మాట ముందు అన్నది నేనే. సెలవులైపోగానే ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే "పడుకున్నారు" అన్నారు. సరేనని పెట్టేశాను.

మర్నాడు ఎంత లేపినా లేవలేదు. స్కాన్ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి ఉంది. మేం రావడానికి రెండు వారాల ముందే బాత్రూమ్‌లో జారి తల గోడకు కొట్టుకుందట. పిల్లలు వచ్చే వేళ కంగారెందుకని నానమ్మకి కూడా చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక ఆయనే ఆ మాట చెప్పారు. ప్రాణం దక్కింది గానీ, ఆయన ఇప్పటికీ ఒకరి చెయ్యి పట్టుకోకుండా నడవలేరు.

చేతులు కడుక్కోవడం, పలకరింపుగా ఉండడం లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఒకటే: ఉన్నట్టుండి వచ్చిన మార్పుని వయసు ఖాతాలో వేయకండి. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే మతిమరుపు వేరు, గంటల్లోనో రోజుల్లోనో వచ్చే తికమక వేరు. ఈ రెండోదాన్ని డాక్టర్లు డెలిరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీళ్ళు తగ్గడం, సోడియం లేదా షుగర్ పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఇలా దేనివల్లైనా రావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. పెద్దవాళ్ళలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే కనిపించవచ్చు. కేకలు వేసి గొడవ చేస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు. ఊరికే మగతగా పడి ఉంటే మాత్రం "హాయిగా నిద్రపోతున్నారు" అనుకుంటారు. ఎక్కువగా ఎవరి కంటా పడకుండా పోయేది ఈ మగత రకమే.

బయలుదేరే ముందు

మీకు గానీ పిల్లలకి గానీ దగ్గు, జలుబు, జ్వరం ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. వాళ్ళు నొచ్చుకున్నా సరే. ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, బయలుదేరే ముందు రోజు వేయించుకుంటే లాభం లేదు.

వాళ్ళ దగ్గర ఉండేవాళ్ళకి ఫోన్ చేసి, మామూలుగా ఎలా నడుస్తున్నారు, ఎంత తింటున్నారు, మాట ఎలా ఉంది అని అడిగి రాసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే "ఇంతకుముందు ఎలా ఉండేవారు?" అని డాక్టర్ అడుగుతారు. అందరూ తలో మాట చెబితే ఉపయోగం లేదు.

ఇంట్లో అడుగు పెట్టాక

మొదటి రోజే ఒకరు విడిగా కూర్చుని, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అని అడగండి. నలుగురిలో అడిగితే చెప్పరు. రక్తం పలచబడే మాత్ర వాడుతూ తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లోపల రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత బయటపడవచ్చు. మా ఇంట్లో అదే జరిగింది.

అన్ని మాత్రల పట్టీలనూ ఫోటో తీసి పెట్టుకోండి.

మీ కోసం వాళ్ళ భోజనం ఆలస్యం కాకూడదు. షుగర్ మాత్రో ఇన్సులినో తీసుకుని, అందరూ వచ్చేదాకా ఆగితే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, పొంతన లేని మాటలు కనిపిస్తే, తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే తీపి ఏదైనా ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి.

ఇక మిగతావి గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెప్పేస్తాను.

మీ బ్యాగ్‌లోని నొప్పి మాత్ర ఇవ్వకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పెద్దవాళ్ళ కిడ్నీలని దెబ్బతీయగలవు, కడుపులో రక్తస్రావం తేగలవు.

నిద్ర తెప్పించే జలుబు మాత్రలూ ఇవ్వకండి. తికమకకు అవే కారణం కావచ్చు.

వాళ్ళ గది, వాళ్ళ మంచం మీరు తీసుకోకండి.

రాత్రి బాత్రూమ్ దారిలో సూట్‌కేసులు, ఛార్జర్ వైర్లు ఉండకూడదు. లైటు ఆర్పకండి.

కళ్ళజోడు, వినికిడి మిషన్ చేతికి అందేచోటే ఉంచండి. సరిగ్గా కనబడక, వినబడక కూడా తికమక పెరుగుతుంది.

పడుకోబెట్టి నీళ్ళు పట్టకండి. లేపి కూర్చోబెట్టండి.

దాహం వేస్తే అడుగుతారులే అనుకోకండి. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. డాక్టర్ నీళ్ళకి కొలత పెట్టి ఉంటే ఆ కొలత దాటకుండా, మీరే గ్లాసు చేతికివ్వండి.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఇంట్లో చర్చలు పెట్టకండి. చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో రాసుకుని, స్ట్రోక్‌కి (పక్షవాతానికి) వైద్యం చేసే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు.

"రేపు పొద్దున చూద్దాం" అనకండి.

"వయసు కదా" అనకండి. నిన్న మీ పేరు పెట్టి పిలిచిన మనిషి ఇవాళ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే అది వయసు కాదు.

తిరిగి వెళ్ళిన రోజు ఫోన్ చేసి తాతయ్యతోనే మాట్లాడండి. "పడుకున్నారు" అంటే, లేపి ఇమ్మని చెప్పండి.